ముందు గదిని కొలవండి, ఆ తర్వాతే స్పీకర్

షాపులో విన్నప్పుడు ఆ స్పీకర్ల జత అద్భుతంగా పాడింది. మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది గొంతు. తబలా మీద వేలు ఎక్కడ పడిందో కూడా తెలిసింది. అదే జతను, అదే యాంప్లిఫయర్‌ను మట్టెవాడలోని ఇంటికి తెచ్చి ముందుగదిలో పెడితే పాట మారిపోతుంది. బేస్ గిటార్ నడకలో ఒక్క స్వరం దగ్గర కిటికీ రెక్కలు అదురుతాయి, పక్క స్వరం ఉందో లేదో తెలియదు. గోడకు ఆనించిన దివాన్ మీద కూర్చుంటే చెవులు గుంయ్‌మంటాయి, లేచి గది నడిమికి వస్తే ఆ గుంయ్ మాయమవుతుంది. పాడేవారి నోట స, ష, చ అక్షరాలు చెవిని గీరుతాయి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "యాంపు సరిపోవట్లేదేమో సార్, పెద్దది పెట్టండి" అంటారు. పెద్దది పెడతారు. గుంయ్ ఇంకా పెద్దదవుతుంది.

ఇక్కడ తప్పు స్పీకర్‌దీ కాదు, యాంప్లిఫయర్‌దీ కాదు. ఇంట్లో ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుని వింటున్నప్పుడు చెవికి చేరే శబ్దంలో పెద్ద వాటా గోడలు, నేల, పైకప్పు తిప్పి పంపినదే. స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది తక్కువ. షాపు విశాలంగా ఉంటుంది, చుట్టూ అట్టపెట్టెల దొంతరలు ఉంటాయి, ముందు షట్టర్ బార్లా తెరిచి ఉంటుంది. అక్కడ సగం బేస్ వీధిలోకి వెళ్లిపోతుంది. ఇంట్లో దానికి పోయే దారి లేదు. కాబట్టి కొనుగోలు వరుసలో మొదట ఆలోచించాల్సింది గది గురించి. ఆ తర్వాత స్పీకర్, దాని తర్వాత యాంప్లిఫయర్, చిట్టచివర తీగలు. మనలో చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి కొంటున్నారు.

పెంకుల కింద లేని బాధ స్లాబు కింద ఎందుకు?

మట్టెవాడ వరంగల్‌లో పాత పేట. చుట్టుపక్కల ఇప్పటికీ అక్కడక్కడా పాత ఇళ్లు కనిపిస్తాయి. మందపాటి గోడలు, గోడల్లో గూళ్లు, చెక్క దూలాలు, పైన వాలుగా పెంకులు. వాటి పక్కనే ఇరుకు జాగాల్లో లేచిన రెండు మూడంతస్తుల ఇళ్లు. ఇటుక గోడకు సిమెంటు పూత, పైన స్లాబు, కింద నున్నటి టైల్స్, ఒక గోడ నిండా అద్దాల షోకేసు.

శబ్దానికి ఈ రెండూ పూర్తిగా వేరు లోకాలు. పెంకుల కప్పు తేలిక, పైగా సందులు ఎక్కువ. బేస్ తరంగం దాన్ని దాటుకుని బయటికి జారిపోతుంది. కప్పు వాలుగా ఉండటం వల్ల నేలకూ దానికీ మధ్య శబ్దం ఒకే దారిలో పైకీ కిందికీ కొట్టుకోదు. గూళ్లు, దూలాలు, అటక మీది సామాను శబ్దాన్ని నలువైపులా చెదరగొడతాయి. పాత ఇంట్లో చిన్న రేడియో పెట్టె కూడా శుభ్రంగా వినిపించేదని పెద్దవాళ్లు చెబితే అది ఉత్త జ్ఞాపకాల తీపి కాదు, అందులో భౌతికశాస్త్రం ఉంది.

స్లాబు గదిలో ఆరు ముఖాలూ గట్టివే, చదునైనవే. పైగా ఎదురెదురుగా ఉంటాయి. సిమెంటు పూత మీదా టైల్స్ మీదా పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే లోపలికి ఇంకుతుంది. మిగిలిందంతా వెనక్కి వస్తుంది.

చప్పట్లు కొట్టి చూడండి

సామాను తక్కువున్న గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక వెనకాలే ట్ర్‌ర్‌మని రేకు మోగినట్టు ఒక తోక వినిపిస్తుంది. అది ఎలా పుడుతుందో చూద్దాం. మన ఎండల్లో గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు, అంటే దాదాపు 1,150 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే పోయి రావడానికి ఇరవై అడుగులు. అంటే సెకనులో 57 సార్లు అదే దారిలో తిరుగుతుంది. ఒక్కో గోడ దగ్గర అది పోగొట్టుకునేది నూటికి రెండు మూడు పాళ్లే కాబట్టి వెంటనే చావదు. ఆ 57 అనే సంఖ్యను గుర్తుంచుకోండి, బేస్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

పాటలో ప్రతి హల్లుకూ ఈ తోక తగులుకుంటుంది. ఒక అక్షరం తోక ఆగకముందే తరువాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది. మాటలు అలుక్కుపోతాయి, స, ష లు చెవిని గీరుతాయి. ట్రెబుల్ మీట తగ్గిస్తే గీరుడు తగ్గినట్టే ఉంటుంది గానీ దాంతోపాటు తాళాల మెరుపు, వయొలిన్ కమాను పలుకు కూడా పోతాయి. రోగం గదిలో ఉంటే మందు యాంప్లిఫయర్‌కు వేసినట్టవుతుంది.

ఈ తోకను మొట్టమొదట కొలిచి చూపినవాడు వాలెస్ క్లెమెంట్ సాబిన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట్లాడితే ఎవరికీ అర్థం కావడం లేదు. ఒక్క మాట ఐదున్నర సెకన్ల పాటు గదిలో తిరుగుతోంది. కారణం కనుక్కునే పని ఆ యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడి మీద పడింది. ఆయన దగ్గర ఉన్నవి ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, తన చెవులు. పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలను రాత్రిళ్లు మోయించి తెప్పించాడు. కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ ఆపాక శబ్దం వినబడకుండా పోవడానికి ఎంతసేపు పడుతోందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ ఆ సమయం తగ్గుతూ వచ్చి చివరికి సెకను దగ్గరకు దిగింది. గది ఎంత పెద్దదైతే శబ్దం అంతసేపు నిలుస్తుంది, మెత్తటి వస్తువు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా ఆగుతుంది. ఆయన తేల్చిన సూత్రం సారం ఇదే. ఆ లెక్కతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు కట్టారు. ప్రపంచంలోని మేటి సంగీత మందిరాల్లో అది ఇప్పటికీ ఒకటి.

ఇంట్లో పాట వినే గదిలో ఈ తోక 0.3 నుంచి 0.5 సెకను మధ్య ఉంటే చాలు. అంతకన్నా తగ్గించాలనుకుని గదినంతా బట్టతో కప్పేస్తే పాట ప్రాణం పోయినట్టుంటుంది.

కొత్తవాడ మగ్గం, ఎనుమాముల పత్తి

సాబిన్ నాటకశాల మెత్తలు మోయించాడు. మట్టెవాడ వాసులకు అంత శ్రమ అక్కర్లేదు. పొరుగునే ఉన్న కొత్తవాడలో తరతరాలుగా జంపఖానాలు నేస్తున్నారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలుతో బిగించి నేసిన ఆ దర్రీని స్పీకర్లకూ కూర్చునే చోటుకూ మధ్య టైల్స్ మీద పరిస్తే, నేల తాకి చెవికి ఎగిరే శబ్దంలో ట్రెబుల్ భాగం మెత్తబడుతుంది. దర్రీ పలచన కాబట్టి ఒక్కటి సరిపోదు. కింద పాత బొంత వేసి దాని మీద దర్రీ పరిచి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

పత్తి సంగతి ఇంకా బలమైనది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరే ఊరిలో ఉంటూ, శబ్దాన్ని పీల్చే ఫోమ్ పలకలను దూరం నుంచి తెప్పించుకోవడం నాకు బాధగా ఉంటుంది. పత్తి పోగుల మధ్య లక్షల సన్నని సందులుంటాయి. తరంగం ఆ సందుల్లో దూరి గాలిని ముందుకూ వెనక్కూ ఊపుతుంది. గాలి పోగులకు రాసుకుంటుంది. ఆ రాపిడిలో శబ్దశక్తి అతి కొద్ది వేడిగా మారి అణగిపోతుంది. పరుపులు కుట్టేవాళ్లతో నాలుగంగుళాల మందాన, రెండడుగుల వెడల్పున, నాలుగడుగుల పొడవున పలచటి నూలు గుడ్డలో దూది నింపించి, జారకుండా దగ్గర దగ్గరగా టాకాలు వేయించి, చెక్క చట్రంలో బిగిస్తే చక్కని పలక తయారవుతుంది. పైన రెక్సిన్ వేయించకండి. దాంట్లోంచి గాలి లోపలికి పోదు.

చట్రాన్ని గోడకు అంటించకుండా మూడు నాలుగంగుళాలు ఎడంగా నిలపండి. గోడ కదలదు కాబట్టి గోడకు ఆనుకున్న గాలి కూడా కదలలేదు, కదలని గాలికి రాపిడి ఉండదు. గోడకు కాస్త దూరంగా గాలి బాగా కదులుతుంది. అక్కడ పెట్టిన అదే దూది ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. డబ్బు ఖర్చు లేకుండా దక్కే లాభం ఇది.

ఎక్కడ నిలపాలన్నది తెలియడానికి ఒక అద్దం చాలు. మీరు కూర్చునే చోట కూర్చోండి. మరొకరు అద్దాన్ని పక్కగోడకు ఆనించి చెవుల ఎత్తులో మెల్లగా జరుపుతూ పోవాలి. ఏ చోట అద్దంలో మీకు స్పీకర్ కనిపిస్తే, ఆ గోడ తిప్పి పంపే శబ్దాల్లో సరిగ్గా అక్కడ తగిలినదే మొదట మీ చెవికి చేరుతోందన్నమాట. రెండు పక్కగోడల మీదా ఆ చోట్లే పలకలు పెట్టాలి. గదంతా నింపక్కర్లేదు.

బాక్స్: ఏది పనికొస్తుంది, ఏది రాదు
కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించడం చాలాచోట్ల చూస్తాం. అవి పలచటి అట్టలు, కొద్దిపాటి ట్రెబుల్ తప్ప ఏమీ పీల్చవు, పైగా నిప్పుకు దగ్గర చుట్టాలు. థర్మాకోల్ లోపలి సందులు మూసుకుని ఉంటాయి, గాలి దూరదు, కాబట్టి పీల్చదు. మడతలు మడతలుగా వేలాడే మందపాటి తెర బాగానే పనిచేస్తుంది, పలచటి నైలాన్ తెర చేయదు. పుస్తకాలు నిండిన అలమర ఎత్తుపల్లాల వల్ల శబ్దాన్ని చెదరగొడుతుంది. వెనకగోడకు అది చాలా మంచిది. దూది పరుపున్న మంచం గదిలో ఉంటే దాన్ని తీయకండి.

ఒక్క స్వరమే ఎందుకు అదురుతుంది?

ఇప్పుడు అసలు చిక్కుముడి. సిమెంటు నీళ్ల తొట్టిలో చేయి పెట్టి అటూ ఇటూ నీటిని తోయండి. ఎలా పడితే అలా తోస్తే నీళ్లు చిందరవందరగా కదులుతాయి. ఒకానొక లయలో తోసినప్పుడు మాత్రం, చిన్న తోపుకే నీరంతా ఏకమై ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పెద్దగా ఊగుతుంది. అప్పుడు గమనిస్తే రెండు అంచుల దగ్గరా నీరు పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది, సరిగ్గా నడుమ మట్టం మాత్రం దాదాపు కదలదు. ఆ లయను నిర్ణయించేది మీ చేయి కాదు, తొట్టి పొడవు.

గదిలో గాలి కూడా అంతే. పదడుగుల గోడల మధ్య శబ్దం సెకనుకు 57 సార్లు తిరుగుతుందని చప్పట్ల దగ్గర లెక్కించాం. స్పీకర్ కూడా సెకనుకు 57 సార్లు కొట్టుకునే స్వరాన్ని పలికితే ఏమవుతుంది? గోడ తాకి తిరిగొచ్చిన పాత తరంగం మీద కొత్త తోపు సరిగ్గా అదే అదనులో పడుతుంది. తోపు మీద తోపు చేరి గాలి ఒత్తిడి పెరిగిపోతుంది. పన్నెండు అడుగుల వైపున ఇదే జరిగేది 48 దగ్గర. బేస్ గిటార్‌లో లావు తీగ వైపు నుంచి రెండో తీగను ఊరికే మీటితే సెకనుకు 55 సార్లు కంపిస్తుంది. గదికి ఇష్టమైన 57కు అది పక్కింటిది. అందుకే ఆ స్వరం దగ్గర కిటికీ అదిరింది. 41 దగ్గర పలికే అన్నిటికన్నా లావు తీగకు పది పన్నెండు గదిలో దగ్గరలో జత లేదు, అది అణిగినట్టు వినిపిస్తుంది. వాయించినవారు రెండింటినీ సమానంగానే వాయించారు.

దివాన్ మీద గుంయ్, నడిమిన శూన్యం ఎందుకో కూడా తొట్టి చెప్పేసింది. గోడల దగ్గర ఒత్తిడి అత్యధికం, నట్టనడుమ అత్యల్పం. మన ఇళ్లలో దివాన్, సోఫా గోడకు ఆనే ఉంటాయి. వినడానికి అంతకన్నా చెడ్డచోటు లేదు.

గది కొలతలు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిని ఊహించండి. మూడు దిక్కుల లయలూ ఒకే 57 మీద కూడతాయి. ఆ ఒక్క స్వరం మూడింతల బలంతో మోగుతుంది, దాని చుట్టుపక్కలవి ఎండిపోతాయి. మన మేస్త్రీలు చదరంగా కట్టడానికి ఇష్టపడతారు, కప్పు ఎత్తు కూడా పదికి అటూ ఇటూనే ఉంటుంది. అలాంటి గదిలో ఎంత ఖరీదైన సెట్టు పెట్టినా ఫలితం దక్కదు. ఇంట్లో మరో గది ఉంటే, అది పొడవుగా ఉంటే, సంగీతాన్ని అక్కడికి మార్చండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకదానికొకటి సమానం కాకుండా, ఒకటి రెండోదానికి రెట్టింపు కాకుండా ఉంటే లయలు విడివిడిగా పరుచుకుంటాయి.

ఇక్కడే ఇంకో సంగతి. పదకొండున్నర అడుగుల గది లయ సరిగ్గా 50. మన ఇంటి కరెంటు సెకనుకు పూర్తిచేసే ఆవృత్తుల లెక్క కూడా 50. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో యాంప్లిఫయర్ నుంచి వచ్చే సన్నని హమ్ అటువంటి గదిలో పెద్దదై వినబడుతుంది. ముందు ఎర్తింగు చూపించండి.

దర్రీ, దూది పలకలు ఈ 57ను ఆపగలవా? లేదు. ఆ స్వరపు తరంగం ఇరవై అడుగుల పొడవు. నాలుగంగుళాల దూది దానికి అడ్డే కాదు. నిజంగా పీల్చాలంటే గది మూలల్లో నేల నుంచి కప్పు దాకా అడుగున్నర, రెండడుగుల మందాన దూది పేర్చాలి. చోటుంటే చేయండి, మూలల్లో అన్ని లయలకూ ఒత్తిడి కూడుతుంది కాబట్టి ఎంతో కొంత ఫలితం ఉంటుంది. చోటు లేనివారికి మిగిలిన ఆయుధం జరపడం.

జరపడానికి ఖర్చు లేదు

కూర్చునే చోటును వెనకగోడ నుంచి ముందుకు లాగండి. గది పొడవులో సుమారు 38 శాతం దగ్గర మొదలుపెట్టమని శబ్దశాస్త్రం తెలిసినవారు చెబుతారు. పన్నెండు అడుగుల గదిలో అది వెనకగోడకు నాలుగున్నర అడుగులు. అక్కణ్నుంచి ముందుకూ వెనక్కూ అరడుగు చొప్పున జరుగుతూ బేస్ స్వరాలన్నీ సమానంగా వినబడే చోటు వెతుక్కోవాలి. అది వీలుకాని ఇంట్లో కనీసం ఒకటిన్నర అడుగులైనా గోడను వదలండి.

స్పీకర్‌ను మూలకు నెట్టకండి. గోడ దగ్గరున్న స్పీకర్ వెనక్కి పంపిన బేస్‌ను గోడ ముందుకు తిప్పికొడుతుంది, ఒక్కో గోడకు 6 డెసిబెల్ దాకా బేస్ పెరుగుతుంది. మూలలో రెండు గోడలూ నేలా కలిసి దాన్ని ఇంకా ఉబ్బిస్తాయి. రెండు స్పీకర్లకూ పక్కగోడల దూరం ఒకేలా ఉండాలి. పక్కగోడకు ఉన్న దూరమూ స్పీకర్ వెనకనున్న గోడకు ఉన్న దూరమూ మాత్రం సమానం కాకూడదు. ట్రెబుల్ వచ్చే చిన్న గుండ్రం, అంటే ట్వీటర్, మీ చెవి ఎత్తులో ఉండాలి. షోకేసు పై అరలోంచి తల మీదుగా పాడుతుంటే ఎవరికీ అందదు.

సబ్‌వూఫర్ ఉన్నవారికి ఒక అందమైన పద్ధతి ఉంది. దాన్ని తెచ్చి మీరు కూర్చునే కుర్చీ మీద పెట్టండి. బేస్ గిటార్ బాగా నడిచే పాట వేసి, గోడల వెంట నేల మీద వంగి నడుస్తూ వినండి. ఏ చోట స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయో అక్కడ సబ్‌వూఫర్ పెట్టి, మీరు వెళ్లి కుర్చీలో కూర్చోండి. అక్కడ మీకు వినిపించింది ఇక్కడ వినిపిస్తుంది. రెండు చోట్ల మధ్య శబ్దం ఏ దిశలో ప్రయాణించినా గది దానికి చేసే మార్పు ఒకటే. అందుకే ఈ పద్ధతి ఎప్పుడూ తప్పదు.

కొన్ని యాంప్లిఫయర్లతో చిన్న మైకు ఇచ్చి, గదిని కొలిచి సరిచేస్తామంటారు. అదురుతున్న స్వరాన్ని అవి తగ్గించగలవు, అది మంచి పనే. నడిమి శూన్యాన్ని మాత్రం నింపలేవు. ఎంత పంపితే అంత అక్కడ రద్దవుతుంది, యాంప్లిఫయర్ వేడెక్కడమే మిగులుతుంది.

గదికి తగిన పెట్టె

పది పన్నెండు గదికి ఐదు నుంచి ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న చిన్న పెట్టెలు సరిపోతాయి. మనిషెత్తు టవర్లు, పదంగుళాల వూఫర్లు ఈ గదిలో 48, 57 దగ్గర తప్ప మరెక్కడా సుఖపెట్టవు. చిన్న గది తనంతట తానే బేస్‌ను పెంచుతుంది, ఇంకా పెద్ద వూఫర్ తెచ్చి దాన్ని రెచ్చగొట్టడం ఎందుకు?

పెట్టె వెనకో ముందో గుండ్రటి రంధ్రం ఉన్నవి ఒక రకం, పూర్తిగా మూసి ఉన్నవి ఇంకో రకం. రంధ్రం ఉన్నవి బేస్‌ను ఒక హద్దు దాకా నిలబెట్టి ఆ కింద నిట్టనిలువుగా జారిపోతాయి. మూసి ఉన్నవి ముందుగానే, కానీ మెల్లగా వాలుగా దిగుతాయి. చిన్న గది ఇచ్చే బేస్ ఆ వాలును పూడ్చేస్తుంది. గోడకు దగ్గరగా పెట్టక తప్పని ఇంటికి మూసిన పెట్టె మేలు. రంధ్రం ఉన్నది ఇప్పటికే కొని ఉంటే, ఆ రంధ్రంలో గుండ్రంగా చుట్టిన మెత్తటి గుడ్డ వదులుగా దూర్చి వినండి. చాలా గదుల్లో గుంయ్ సగం తగ్గుతుంది.

ఎన్ని వాట్లు కావాలి?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది. ఇంత ఆలస్యంగా వచ్చిందంటే దాని విలువ అంతే. స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. అది 87 అనుకుందాం. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్ వస్తుందని అర్థం. రెండు స్పీకర్లు కలిసి, ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్నవారికి చెరొక వాటుకే దాదాపు 85 వినిపిస్తుంది. అది గట్టి శబ్దం. హాయిగా వినే 75 దగ్గర స్పీకర్ తీసుకునేది వాటులో పదో వంతు.

మరి మిగతా వాట్లు దేనికి? మృదంగం మీద దెబ్బ పడ్డ క్షణంలో శబ్దం సగటు కన్నా 20 డెసిబెల్ ఎగరవచ్చు. 20 డెసిబెల్ అంటే నూరు రెట్ల శక్తి. పదో వంతుకు నూరు రెట్లు పది వాట్లు. కాస్త గట్టిగా 80 దగ్గర వింటే ముప్పై పైచిలుకు. కాబట్టి మన గదులకు నిజమైన నలభై, యాభై వాట్లు దండిగా చాలు. అరవై వాట్ల నుంచి నూట ఇరవైకి వెళితే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే, చెవి కష్టం మీద గుర్తుపడుతుంది. రెండింతలు గట్టిగా వినిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి. అదే 87 బదులు 90 ఉన్న స్పీకర్ ఎంచుకుంటే, యాంప్లిఫయర్‌ను ఉచితంగా రెట్టింపు చేసుకున్నట్టు.

మరీ చిన్న యాంప్లిఫయర్‌తో పెద్ద శబ్దం పిండాలని చూడటం కూడా ప్రమాదమే. శక్తి అయిపోయిన చోట తరంగం పైభాగం కత్తిరించినట్టు చదునవుతుంది. బేస్ పెరగడం ఆగిపోతుంది, ట్రెబుల్ పెరుగుతూనే ఉంటుంది, కొత్తగా కరకర చేరుతుంది. ఆ భారమంతా కొద్ది వాట్లే తట్టుకునే ట్వీటర్ మీద పడి దాని తీగచుట్ట కాలిపోతుంది. ఫంక్షన్లలో స్పీకర్లు పోయేది తరచూ ఇలాగే.

బాక్స్: అట్టపెట్టె మీది వేల వాట్లు
పెట్టె మీద పీఎంపీఓ 2,000 వాట్లు అని ఉంటే, సెట్టు వెనక్కి తిప్పి కరెంటు చీటీ చదవండి. అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే, 12ను 2తో గుణించండి. ఆ సెట్టు గోడ నుంచి తీసుకోగలిగేదే 24 వాట్లు. తీసుకున్నదాని కన్నా ఎక్కువను నిలకడగా స్పీకర్‌కు ఇవ్వడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అదీ రెండు ఛానెళ్లూ కలిసి పనిచేస్తున్నప్పుడు, 8 ఓముల దగ్గర ఎన్ని అని.

ఓములు, వేడి, తీగ

స్పీకర్ వెనక 8, 6, 4 ఓములు అని రాసి ఉంటుంది. ఓములు తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. యాంప్లిఫయర్ వెనక రాసిన కనీస ఓముల కన్నా తక్కువ తగిలించకండి. ఒకే జత టెర్మినళ్లకు రెండు 8 ఓముల స్పీకర్లు పక్కపక్కన కలిపితే 4 అవుతుంది, రెండు 4 ఓములవి కలిపితే 2. ఇంటి యాంప్లిఫయర్లలో చాలావరకు 2 దగ్గర ఆగిపోతాయి లేదా కాలిపోతాయి. మైకు సెట్ల యాంప్లిఫయర్‌ను ఇంటికి తెచ్చేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటి వెనక 100 వోల్టుల లైను అన్నది దూరాన కట్టే హారన్లకోసం. ఇంటి స్పీకర్‌ను దానికి తగిలిస్తే క్షణాల్లో పోతుంది.

వరంగల్‌లో మే నెల 44 డిగ్రీలు దాటుతుంది. పాత పద్ధతి యాంప్లిఫయర్లు తీసుకున్న కరెంటులో సగమో అంతకన్నా ఎక్కువో వేడిగా వదులుతాయి. వాటిని అద్దాల షోకేసులో మూసి పెట్టకండి, పైన జానెడు ఖాళీ ఉండాలి, దాని మీద గుడ్డ కప్పకూడదు. కొత్త క్లాస్ డి యాంప్లిఫయర్లు తీసుకున్నదాంట్లో తొంభై శాతం దాకా స్పీకర్‌కే ఇస్తాయి. మన ఎండలకు అవి బాగా నప్పుతాయి, ఈ పదేళ్లలో వాటి నాణ్యత కూడా చాలా పెరిగింది.

తీగ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఐదు మీటర్ల దూరానికి పోను రాను కలిపి, ఓములో ఎనిమిదో వంతు కూడా అడ్డుపడదు. వేలు పోసి కొనే తీగల వల్ల ఈ గదుల్లో వినబడే లాభం లేదు. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలిసిందా అన్నది మాత్రం తప్పక చూడండి. ఒక్కదానికి తారుమారైతే ఒకటి గాలిని తోస్తున్నప్పుడు రెండోది లాగుతుంది, బేస్ మాయమై గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. గది మీద నింద వేసేముందు ఇది సరిచూసుకోవాలి.

గోడ అవతల కూడా ఒక ఇల్లుంది

మట్టెవాడ లాంటి ఇరుకు పేటల్లో ఇంటి గోడకు ఇంటి గోడ ఆనుకుని ఉంటుంది. దూది పలకలు మన గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ, పక్కింటికి పోయే బేస్‌ను ఆపవు. దాన్ని ఆపగలిగేది బరువైన గోడ ఒక్కటే. కాబట్టి స్పీకర్లను ఉమ్మడి గోడకూ, నేలకూ నేరుగా ఆనించకండి, కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టండి. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా.

మన చెవుల సంగతీ ఉంది. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్ హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 90కి వెళితే వారానికి నాలుగు గంటలే. గుంయ్ తగ్గిన గదిలో మాటలు స్పష్టంగా వినబడతాయి కాబట్టి వాల్యూమ్ పెంచాలనే అనిపించదు.

ఈసారి స్పీకర్లు కొనడానికి వెళ్లేముందు టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. ఒక్కో కొలతను రెండింతలు చేసి, 1,150ని దానితో భాగించి, మీ గది ఏ స్వరాల దగ్గర అదురుతుందో ముందే తెలుసుకోండి. చేతిలోని డబ్బులో కొంత దర్రీకి, దూది పలకలకు పక్కన పెట్టండి. కొనే ముందు ఒక్క సాయంత్రం మీ ఇంట్లో, మీ కుర్చీలో కూర్చుని విని చూస్తానని షాపువాళ్లను అడగండి. అందుకు ఒప్పుకున్నవారి దగ్గరే కొనండి.